బ్యాటరీ ఎంతసేపు వస్తుంది? రాయపురం రైలు నుంచి మన ఇంటి యూపీఎస్ దాకా ఒక లెక్క

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. తీరిక చూసుకొని చదవండి. ఇంట్లో పెద్దవాళ్ళకు కళ్ళు సరిగ్గా కనబడకపోతే చదివి వినిపించండి. మేము బడిలో చదివింది తమిళం, తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్చుకున్నవి. మాటల్లో తమిళ వాసన ఉంటే సర్దుకోండి.

తిరువళ్ళూరు పక్కవాళ్ళు, తిరుత్తణి పక్కవాళ్ళు ఈమధ్య మమ్మల్ని అడిగేది ఒకే ప్రశ్న. "మా యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు వస్తుంది?" మన పక్క ఇన్వర్టరునే యూపీఎస్ అంటాము. చిత్తూరు పక్కకు పోతే ఇన్వర్టరు అంటారు. వస్తువు ఒకటే. పదేళ్ళ క్రితం ఈ ప్రశ్న ఫ్యాను కోసం, టీవీ సీరియల్ కోసం అడిగేవాళ్ళు. ఇప్పుడు అట్లా కాదు. పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్నారు. ఇంట్లో తాతా అవ్వా ఇద్దరే. ఒకరికి ఆక్సిజన్ మిషను, ఇంకొకరికి రాత్రి ముక్కుకు పెట్టుకొనే గాలి మిషను. లెక్క తప్పితే పోయేది సీరియల్ కాదు, ఊపిరి.

అందుకని ఈ లెక్క ఎక్కడ పుట్టింది, మన దాకా ఎట్లా వచ్చింది అని చరిత్రగా చెబుతాము. చరిత్ర తెలిస్తే లెక్క తానే అర్థమవుతుంది.

మన రైలు వయసూ బ్యాటరీ వయసూ ఇంచుమించు ఒకటే. 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు మద్రాసు రైల్వే మొదటి రైలు నడిచింది. దక్షిణాదిలో ప్రయాణికుల రైలుకు అదే మొదలు. ఆ దారిలోనే మన తిరువళ్ళూరు ఉంది. మూడేళ్ళ తరువాత, 1859లో, ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే అనే ఆయన సీసం రేకులు ఆమ్లంలో ముంచి, మళ్ళీ మళ్ళీ చార్జి చేయగలిగే బ్యాటరీ తయారుచేశాడు. 1881లో కామీ ఫోర్ అనే మరో ఫ్రెంచి ఆయన రేకుల మీద సీసపు ముద్ద పూసి దాని పట్టు పెంచాడు. మీ ఇంటి మూలలో కూర్చున్న నీళ్ళు పోసే బ్యాటరీ ఆ బ్యాటరీకి మునిమనవడే. సీసం, ఆమ్లం, నీళ్ళు. మూలం మారలేదు.

మొదట్లో రైలు పెట్టెల్లో నూనె దీపాలే. పంతొమ్మిదో శతాబ్దం చివరికి పెట్టె కింద డైనమో పెట్టి, చక్రాల ఇరుసుకు బెల్టు తగిలించి, బండి పరుగెత్తేటప్పుడు కరెంటు పుట్టించే పద్ధతి ఇంగ్లండులో వచ్చింది. స్టోన్ కంపెనీ పద్ధతి అని దానికి పేరు. తరువాత అది మన దేశపు రైళ్ళకూ వచ్చింది. బండి పరుగెత్తితే డైనమో దీపం వెలిగిస్తుంది, బ్యాటరీనీ నింపుతుంది. బండి ఆగితే బ్యాటరీ ఒక్కటే దిక్కు. మన వయసువాళ్ళకు గుర్తుండాలి. బండి సిగ్నల్ కోసం ఊరి బయట చాలాసేపు నిలిచిపోతే దీపాలు ఎర్రబడి, ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదిగా తిరిగేవి. బండి కదిలి వేగం అందుకున్నాక మళ్ళీ వెలుగు వచ్చేది. ఆ రోజుల్లో పెట్టెల్లో 24 వోల్టుల ఏర్పాటు. తరువాత 110 వోల్టులకు మార్చారు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. ఆగిన బండిలో దీపం ఎంతసేపు ఉంటుందని రైల్వేలో ఎవరూ బ్యాటరీ మీద రాసిన అంకె చూసి చెప్పేవాళ్ళు కాదు. రిజిస్టరు చూసి చెప్పేవాళ్ళు. మేము రైల్వేలో చేసింది గుమాస్తా పని. స్పానరు మా చేతికి రాలేదు కానీ కాగితాలు వచ్చేవి. డిస్టిల్డ్ వాటరు ఎంత, ఆమ్లం ఎంత, ఏ సెల్లు మార్చాలి అని. ట్రైన్ లైటింగ్ పనివాళ్ళు ఒక్కో సెల్లులో గాజు గొట్టం లాంటి హైడ్రోమీటరు ముంచి, ఆమ్లం సాంద్రత చూసి, తేదీ వేసి, సెల్లు నంబరు పక్కన రాసేవాళ్ళు. చార్జి ఉంటే ఆమ్లం చిక్కగా ఉంటుంది, దిగేకొద్దీ పల్చబడుతుంది. పోయిన నెల అంకె పక్కన ఈ నెల అంకె ఉంటే, ఏ బ్యాటరీ ముసలిదవుతున్నదో గుమాస్తాకు కూడా తెలుస్తుంది.

లెక్కలో రెండో మెట్టు జర్మనీలో పడింది. 1897లో పాయికర్ట్ అనే ఆయన ఒక సూత్రం చెప్పాడు. బ్యాటరీలోంచి కరెంటు ఎంత వేగంగా లాగితే, అది ఇచ్చే మొత్తం అంత తగ్గుతుంది. ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. ఊట బావిని తలుచుకోండి. కపిలతో నెమ్మదిగా తోడితే పొద్దస్తమానం నీళ్ళు వచ్చేవి. అదే బావికి పెద్ద మోటారు పెట్టి లాగితే రెండు గంటల్లో అడుగు కనిపిస్తుంది. బావిలో నీళ్ళు అయిపోయాయని కాదు, ఊట అందుకోలేకపోయింది. కాసేపు ఆపితే మళ్ళీ ఊరుతుంది. బ్యాటరీ సంగతీ అంతే. రేకుల లోపలికి ఆమ్లం ఊరడానికి సమయం కావాలి. కరెంటు పోయి యూపీఎస్ కూడా ఆగిపోయాక, గంట తరువాత నొక్కితే పది నిమిషాలు మళ్ళీ వెలిగేది అందుకే.

ఇప్పుడు ఆ లేబులు చదువుదాం. మన ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించేది 12 వోల్టులు, 150 ఏహెచ్. ఏహెచ్ అంటే ఎన్ని ఆంపియర్లు, ఎన్ని గంటలు అనే గుణకారం. దాని పక్కనే చిన్న అక్షరాల్లో సీ20 అని ఉంటుంది. ఆ రెండు అంకెలే అసలు షరతు. 20 గంటల పాటు నెమ్మదిగా, ఏడున్నర ఆంపియర్ల చొప్పున వాడితేనే 150 ఇస్తుంది అని అర్థం. టైమ్ టేబులు లాంటిది అది. అన్ని సిగ్నళ్ళూ పచ్చగా ఉంటే బండి చేరే సమయం.

ఇక్కడ మన ఊళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాతో పాటు అటు పోయింది. పటాస్కర్ సిఫారసుల తరువాత 1959లో పార్లమెంటు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అట్లా మన పెద్దలు తెలుగులో చదివారు, మేము తమిళంలో చదివాము, మా పిల్లలు ఇంగ్లీషులో చదివారు. బ్యాటరీ లేబులు ఇంగ్లీషులో ఉంటుంది, షాపువాడి మాట తమిళంలో ఉంటుంది, అవ్వ అడిగేది తెలుగులో. ఈ మూడింటి మధ్య ఆ సీ20 అనే షరతు జారిపోతుంది. మిగిలేది "ఎనిమిది గంటలు వస్తుందిలే సార్" అనే మాట.

తిరుత్తణి మీదుగా రేణిగుంట పోయే రైలు మార్గంలోనే, తిరుపతి దగ్గర కరకంబాడిలో, 1985లో గల్లా రామచంద్ర నాయుడు గారు అమర రాజా సంస్థ మొదలుపెట్టారు. ఇంత దగ్గరలో, తెలుగువాళ్ళ చేతి మీదుగా దేశానికంతా బ్యాటరీలు పోతుంటే, దాని లెక్క మన ఇంట్లో తెలియకపోవడం బాగుండదు కదా.

మన ఇళ్ళకు యూపీఎస్ ఎందుకు వచ్చిందో కూడా చెప్పుకోవాలి. పాత ల్యాండ్ లైను ఫోను గుర్తుందా? ఊరంతా చీకటైనా అది మోగేది. ఎక్స్ఛేంజీలో 48 వోల్టుల బ్యాటరీలు వరుసగా ఉండేవి, ఫోనుకు కావలసిన కరెంటు ఆ తీగలోనే వచ్చేది. బ్యాటరీ చూసుకొనే బాధ్యత ఎక్స్ఛేంజీది. రైల్లో దీపం బాధ్యత రైల్వేది. రెండు చోట్లా రిజిస్టరు ఉండేది, చూసే మనిషి ఉండేవాడు. 2008 నుంచి తమిళనాడులో మిన్ వెట్టు మొదలైనప్పుడు ఆ బాధ్యత మొదటిసారి మన వాకిట్లోకి వచ్చింది. బ్యాటరీ వచ్చింది, రిజిస్టరు రాలేదు.

2012 ఎవరూ మరిచిపోరు. చెన్నైలో రోజుకు రెండు గంటలు కోత అంటే, జిల్లాల్లో పది, పన్నెండు గంటల దాకా పోయింది. గంట ఉంటే గంట పోయేది. మన తిరువళ్ళూరు జిల్లాలోనే అత్తిపట్టు దగ్గర ఉత్తర చెన్నై థర్మల్ స్టేషను ఉంది, వల్లూరులో 500 మెగావాట్ల యూనిట్లు మూడు అప్పుడే లేస్తున్నాయి. పొగగొట్టాలు మన జిల్లావి, చీకటీ మన జిల్లాదే. ఆ రోజుల్లో కొన్న కొత్త బ్యాటరీలు రెండేళ్ళకే చచ్చాయని చాలామంది బాధపడ్డారు. కారణం ఉంది. ఖాళీ అయిన 150 ఏహెచ్ బ్యాటరీ మళ్ళీ నిండాలంటే పది, పన్నెండు గంటలు కావాలి. గంట చార్జి, గంట వాడకం అంటే అది ఎప్పుడూ సగం ఆకలితోనే ఉంటుంది. అట్లా ఉంచితే రేకుల మీద సల్ఫేటు గట్టిపడి పట్టు తగ్గిపోతుంది.

తరువాత మంచి రోజులు వచ్చాయి. 2013 డిసెంబరు 31న రాయచూరు నుంచి సోలాపూరు 765 కిలోవోల్టుల లైను కలిసి, దక్షిణాది గ్రిడ్ దేశపు గ్రిడ్‌తో ఒకటైంది. రైల్వేవాళ్ళకు ఆ ఊరి పేరు వింటే ఒక సంతోషం. 1871లో మద్రాసు రైలు మార్గం బొంబాయి మార్గంతో కలిసింది కూడా రాయచూరులోనే. కొత్త కరెంటు కేంద్రాలూ వచ్చాయి. మెల్లగా కోతలు తగ్గాయి. ఇప్పుడు నెలకు ఒకటి రెండుసార్లు, పది నిమిషాలో అరగంటో పోతుంది.

అసలు ప్రమాదం ఇక్కడే ఉందని మా అభిప్రాయం. 2012లో మన బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో ఇంట్లో చిన్నపిల్లకు కూడా తెలుసు. రోజూ పరీక్ష జరిగేది. ఇప్పుడు పది నిమిషాల కోతలో ఐదేళ్ళ ముసలి బ్యాటరీ కూడా మొగాడిలా నిలబడుతుంది. "మా యూపీఎస్ బాగానే ఉంది" అనుకుంటాము. కరెంటు బాగుపడేకొద్దీ బ్యాటరీ సంగతి మనకు తెలియకుండా పోయింది. తెలిసేది తుపాను రాత్రి. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నై దగ్గర తీరం దాటినప్పుడు మన జిల్లాలో స్తంభాలు వరుసగా పడిపోయాయి. కొన్ని చోట్ల కరెంటు రావడానికి రోజులు పట్టింది. సెల్ టవర్లు కూడా వాటి బ్యాటరీ ఉన్నంతసేపు పనిచేసి మూగబోయాయి. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపానప్పుడు నీళ్ళు నిలిచిన చోట్ల మళ్ళీ అదే కథ.

సరే, లెక్కకు వద్దాం. కాగితం, పెన్ను తీసుకోండి. ఒక ఇంట్లో మూడు ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు, మొత్తం 225. ఐదు ఎల్ఈడీ బల్బులు 45. టీవీ 60. నెట్ పెట్టె 10. కలిపితే 340 వాట్లు. బ్యాటరీ 12 వోల్టులు, 150 ఏహెచ్. గుణిస్తే 1800. దాన్ని 340తో భాగిస్తే ఐదుంబావు గంటలు. ఇది కాగితం మీద లెక్క.

మొదటి కోత: బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చేటప్పుడు యూపీఎస్‌లో సుమారు ఐదో వంతు వేడిగా పోతుంది. 1800 కాస్తా 1440 అయింది. ఐదుంబావు కాస్తా నాలుగుంబావు గంటలయింది. రెండో కోత: పాయికర్ట్ గారిది. ఈ ఇల్లు లాగేది ఏడున్నర ఆంపియర్లు కాదు, 35 ఆంపియర్లు. బావికి పెద్ద మోటారు పెట్టినట్టే. నాలుగుంబావు దాదాపు మూడు గంటలకు దిగుతుంది. మూడో కోత: వయసు. మూడేళ్ళు వాడిన బ్యాటరీ కొత్తదానిలో ఐదింట నాలుగు వంతులు ఇస్తే గొప్ప. మిగిలేది రెండున్నర గంటలు.

ఐదుంబావు ఎక్కడ, రెండున్నర ఎక్కడ! కాబట్టి మేము చెప్పే మోటు సూత్రం ఇది. వోల్టులను ఏహెచ్‌తో గుణించి, వాట్లతో భాగించి, వచ్చినదాంట్లో సగం నమ్మండి.

ఇదే లెక్కలో ఒక మంచి వార్త కూడా ఉంది. వాడకం సగం చేస్తే సమయం రెండింతల కన్నా ఎక్కువ అవుతుంది. అదే ఇంట్లో టీవీ ఆపి, ఒక ఫ్యాను, నాలుగు దీపాలు ఆపి 170 వాట్లకు తెస్తే, కొత్త బ్యాటరీ మూడు గంటలకు బదులు ఏడు గంటలు వస్తుంది. ఇప్పుడు వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్లు 30 వాట్ల దగ్గరే తిరుగుతాయి. బ్యాటరీ పెద్దది కొనే ముందు ఫ్యాను మార్చడం గురించి ఆలోచించండి.

ఇప్పుడు మిషన్ల సంగతి. రాత్రి పెట్టుకొనే గాలి మిషను, అందులో నీళ్ళు వేడిచేసే భాగం ఆపితే, నలభై యాభై వాట్లే తింటుంది. దానికి మంచి బ్యాటరీ ఒక్కటే ఉంటే రెండు రాత్రులు గడుస్తాయి. కానీ నిమిషానికి ఐదు లీటర్ల ఆక్సిజన్ మిషను 300 నుంచి 350 వాట్లు తింటుంది. అంటే ఫ్యాన్లూ దీపాలూ అన్నీ ఆపినా, కొత్త 150 ఏహెచ్ బ్యాటరీ మీద మూడు గంటలు, పాతదాని మీద రెండు గంటలు. తుపాను రాత్రికి ఇది చాలదు. రెండు బ్యాటరీలు పెట్టినా తెల్లారదు. ఈ మాట కటువుగా ఉన్నా ముందే తెలియడం మేలు. అట్లాంటి ఇంట్లో సిలిండరు ఒకటి సిద్ధంగా ఉండాలి. బి టైపు సిలిండరులో సుమారు 1500 లీటర్లు పడుతుంది. డాక్టరు నిమిషానికి రెండు లీటర్లు చెప్పి ఉంటే పన్నెండు గంటలు దాటి వస్తుంది. ఎన్ని లీటర్లు అనేది డాక్టరు చెప్పవలసిందే, మేము కాదు.

తిరుత్తణివాళ్ళకు ఇంకో మాట. అగ్ని నక్షత్రం రోజుల్లో తమిళనాడులో ఎండ ఎక్కువ పడిన ఊళ్ళ పట్టికలో మన ఊరి పేరు పైనే ఉంటుంది. సీసపు బ్యాటరీకి వేడి నెమ్మదిగా ఎక్కే విషం. సుమారు పది డిగ్రీలు ఎక్కువైతే ఆయుసు సగానికి పడుతుందని లెక్క. రేకుల షెడ్డు కింద, మిద్దె మెట్ల గదిలో పెట్టకండి. గాలి ఆడే నీడ చూసి పెట్టండి. చార్జి అయ్యేటప్పుడు మండే గాలి వస్తుంది కాబట్టి దేవుడి దీపం పక్కన, వంట గదిలో అసలే వద్దు. నీళ్ళు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్ళు, క్యాను నీళ్ళు పోయకూడదు.

చివరిగా, రైల్వే నుంచి మేము తెచ్చుకున్న ఒకే ఒక పాఠం. లెక్క దారి చూపుతుంది, కానీ నిజం చెప్పేది రిజిస్టరు. మూడు నెలలకు ఒకసారి, ఒక ఆదివారం పగటిపూట, బ్యాటరీ పూర్తిగా నిండాక, యూపీఎస్‌కు వచ్చే మెయిను ఆపండి. మామూలుగా వాడే ఫ్యాన్లు, దీపాలు వేసి గడియారం చూడండి. మిషను మీద ఉన్న మనిషితో ఈ పరీక్ష చేయకండి. ఆ మిషను ఎన్ని వాట్లో అన్ని వాట్ల ఫ్యాన్లు, బల్బులు పెట్టి చూడండి. యూపీఎస్ కూత పెట్టగానే ఆపి, మళ్ళీ చార్జికి పెట్టండి. ఎన్ని గంటలు వచ్చిందో తేదీతో సహా ఒక చీటీ మీద రాసి యూపీఎస్ మీదే అతికించండి. తెలుగో తమిళమో, ఇంట్లో పెద్దవాళ్ళు చదవగలిగే భాషలో పెద్ద అక్షరాలతో రాయండి. మూడు నెలల కింద మూడు గంటలు, ఇప్పుడు రెండు అని ఉంటే షాపువాణ్ణి అడగవలసిన పని లేదు.

సంఘం కుర్రవాళ్ళకు ఒక పని చెబుతున్నాము. ఐప్పసి వానలు మొదలయ్యే లోపల, మీ మీ వీధుల్లో ఊపిరి మిషను మీద ఉన్న పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఈ పరీక్ష చేసి రండి. ఏ ఇంట్లో ఎన్ని గంటలు వస్తుంది, సిలిండరు ఉందా లేదా, రాత్రి తలుపు తట్టవలసిన పక్కింటివాళ్ళు ఎవరు అని ఒక నోటు పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం సంఘం కార్యదర్శి దగ్గర ఉండాలి, ఫేస్‌బుక్‌లో పెట్టకూడదు. గళ్ళు గీసి ఇవ్వడానికి మేము సిద్ధం. ముప్పై ఏళ్ళకు పైగా చేసిన పని అదే.